కాలరు అచ్చులు

కాజాలమ్మాయి కుర్చీ మీద నల్లగుడ్డ పరిచి ఉంటుందని కుట్టుగదిలో పన్నెండు మందికీ తెలుసు. ఎందుకు పరుచుకుందో కూడా తెలుసు. తెలిసిన సంగతిని పైకి అనకుండా దాటెయ్యడంలో ఆ గది ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు. మూడు నెలల కిందట పెద్దక్కే ఆ అమ్మాయిని కిటికీ పక్కనుంచి లేపి బీరువా వెనక మూలకు మార్చింది. కుట్టేవి బడిపిల్లల తెల్లచొక్కాలు, మరక పడితే ఉతికినా పోదు కదా అనుకుంది. పదిమందిలో ఆ పిల్ల సిగ్గుపడే అవస్థ తప్పించానని కూడా అనుకుంది.

సోమవారం పదిన్నరకు ఆ మూలలో ఏదో పడ్డ చప్పుడైంది. కత్తెర జారిందేమో అనుకున్నారు. పెద్దక్క వెళ్ళి చూసేసరికి కాజాలమ్మాయి నేలమీద పక్కకు ఒరిగి ఉంది. సూది ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది. సగం కుట్టిన కాజానుంచి దారం సాగి వేలాడుతోంది. పెద్దక్క చూపు ముందు చొక్కా మీదికి పోయింది, మరక అంటిందా అని. అంటలేదు. ఆ తర్వాతే మనిషి వైపు చూసింది. తన చూపు ముందు ఎటు పోయిందో ఆవిడకే తెలిసి చచ్చేంత సిగ్గేసింది.

పెద్దక్క ఆ గదికి పెద్ద. మందిరం వాళ్ళు నడిపే బడికీ, వృద్ధాశ్రమానికీ కావలసిన బట్టలన్నీ పాతికేళ్ళుగా ఆవిడ చేత్తో కత్తిరించినవే. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. మందిరం కార్యదర్శి గారు కూడా ‘పెద్దక్కగారూ’ అనే పిలుస్తారు. బట్ట కత్తిరించాక మిషన్ల మీద కుడతారు, చివరికి చొక్కా చేతి కాజాల కోసం ఈ అమ్మాయి దగ్గరికి వస్తుంది. ఆ అమ్మాయి కుట్టిన కాజా చొక్కా చిరిగిపోయినా చిరగదు.

“నడవగలవా?” అంది పెద్దక్క, చంకల కింద చేతులేసి లేపుతూ.

“నడుస్తానక్కా. ఈ ఒక్క కాజా అవగొట్టి...”

“నీ కాజా తగలెయ్యా, లే ముందు.”

ఆసుపత్రిలో డాక్టరమ్మ సన్నగా, విసుగ్గా ఉంది. ఉదయం నుంచి ఎంతమందిని చూసిందో పాపం. కింది కనురెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, పెన్ను తీసింది.

“నెలలో ఎన్ని రోజులు కనబడుతోంది?”

“కనబడని రోజులు చెప్తానండి,” అంది కాజాలమ్మాయి. “ఎనిమిదో, తొమ్మిదో.”

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. “ఎన్నాళ్ళనుంచి?”

“ఆరు నెలలు దాటిందండి.”

“ఆరు నెలలు ఏం చేస్తున్నావమ్మా?”

ఏం చేస్తోందో పెద్దక్కకు తెలుసు. రోజుకి ఎనభై కాజాలు కుడుతోంది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి గోడ మందమెక్కింది. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉంది. దారులు రెండు. ఒకటి, లోపల ఒక చిన్న పరికరం అమరుస్తారు, అది రోజూ కాస్త కాస్త మందు వదులుతుంది, రక్తం ఆగుతుంది. రెండోది, సంచే తీసేస్తారు.

“పెళ్ళై ఎన్నేళ్ళు?”

“నాలుగండి.”

“పిల్లలు?”

“ఇంకా లేరండి,” అంది. ఆ ‘ఇంకా’ని గట్టిగా పట్టుకుని అంది.

“అయితే మొదటిదే నయం. రెండేళ్ళకో మూడేళ్ళకో తీసేస్తే అప్పుడు పిల్లల కోసం చూసుకోవచ్చు. బీమా కిటికీ దగ్గర అడిగి రండి.”

బీమా కిటికీ వెనక కూర్చున్నాయన కార్డు నంబరు కొట్టి, తెర మీదికి వంగి, చాలాసేపు చూశాడు. కొత్త చట్టం వచ్చాక ప్రతి యజమానీ పనివాళ్ళకి బీమా చేయించాలి. గర్భం రాకుండా చేసే మందులూ పరికరాలూ కూడా ఆ బీమాలో ఉండాలి. ఇదంతా ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ తర్వాత, “మీకు మాత్రం లేదు,” అన్నాడు.

“ఎందుకు లేదండీ?” అంది పెద్దక్క.

“మీ యజమాని మందిరం వాళ్ళు. వాళ్ళ నమ్మకానికి విరుద్ధమని మినహాయింపు తీసుకున్నారు. ఈ పరికరం గర్భనిరోధకాల జాబితాలో ఉంది. మాత్రలూ అందులోవే.”

“ఈ పిల్లకి కావలసింది రక్తం ఆగడం కదా?”

“జాబితాలో పరికరం పేరు ఉంటుందమ్మా, ఎందుకు వాడతారో ఉండదు.”

“మరి ఆపరేషన్‌కి?”

“దానికి మొత్తం వస్తుంది. మీరు పైసా కట్టక్కర్లేదు. అది జబ్బుల జాబితాలో ఉంది.”

పెద్దక్క కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. “బాబూ, పిల్లలు పుట్టకుండా అడ్డం పెట్టకూడదన్నది మా మందిరం మాట. ఆ పరికరం రెండేళ్ళు అడ్డం పెడుతుంది, ఒప్పుకుంటాను. సంచే తీసేస్తే ఇంక ఎప్పటికైనా పుడతారా?”

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న ఆయనకీ ఎప్పుడో వచ్చే ఉంటుంది. “జాబితా చూసి చెప్పడమే నా పనమ్మా,” అన్నాడు. “సొంతంగా పెట్టించుకుంటానంటే ఖర్చు రాసిస్తాను.” రాసిచ్చాడు. అది కాజాలమ్మాయికి ఐదు నెలల జీతం.

ఆపరేషన్‌కి శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలు ఖాయం చేశారు. ముందురోజు సాయంత్రం వచ్చి చేరితే రక్తం ఎక్కిస్తామన్నారు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కాజాలమ్మాయి కిటికీకి తల ఆనించి కూర్చుంది. సగం దారి వచ్చాక, “ఎవరిని అనుకుని ఏం లాభం అక్కా,” అంది. “నేనే సంతకం పెట్టాను కదా. నువ్వు తెచ్చిన కాగితం మీద.”

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అంది. నిష్ఠూరంగా అన్నా పెద్దక్కకి కాస్త తేలిగ్గా ఉండేది.

నిజమే. మినహాయింపు కోసం మందిరం వాళ్ళిచ్చిన ఆ కాగితం పట్టుకుని బల్ల బల్లకీ తిరిగింది తనే. మందిరం విశ్వాసాలకు మేమంతా కట్టుబడి ఉన్నాం అని పైన ఏదో ఉంది. “త్వరగా పెట్టండమ్మా, టీ వేళవుతోంది,” అంది తనే. పెద్దక్క తెచ్చిన కాగితాన్ని చదివి చూడటమంటే ఆవిడ్ని నమ్మనట్టు. ఆ గదిలో అంత పొగరు ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం పెద్దక్క భోజనం ముందు కూర్చుంది. ఎదురుగా మొగుడు తింటున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ఇంట్లో గిన్నె పక్కకి జరపాలన్నా ‘ముందుకు జరగండి’ అనే రకం.

“చదవకుండా ఎలా పెట్టించానండీ అంతమంది చేత?” అంది.

“ముప్ఫై ఏళ్ళు టికెట్లు చింపాను,” అన్నాడాయన. “టికెట్టు వెనక ఏదో రాసి ఉండేది. కొన్నవాడు చదవలేదు, ఇచ్చినవాణ్ణి నేనూ చదవలేదు. బస్సు కదిలితే చాలని ఎవరికుండదు?”

“అది టికెట్టు. ఇది ఆ పిల్ల కడుపు.”

కండక్టరు తినడం ఆపాడు. ఇంక వేళాకోళం చెయ్యలేదు. “మన దగ్గరున్నదంతా ఊడ్చినా సగం కూడా కాదు,” అన్నాడు. ఆయన ఆ లెక్క అప్పటికే మనసులో వేసుకున్నాడని ఆవిడకు అర్థమైంది.

సోమవారం ఆసుపత్రి కోసం ఆగిన పని మంగళవారం మీద పడింది. నూట ఇరవై కాలర్లు కత్తిరించాలి. పెద్దక్క బట్టను ఎనిమిది మడతలు వేసి, చేత్తో ముడతలు తీసి, గోడ మేకుకి వేలాడుతున్న అచ్చుల కట్ట దించింది. ఆ గదిలో అచ్చులకు కాగితం కొనరు. ఆఫీసులో ఒకవైపు వాడేసిన కాగితాలు నెలకోసారి బుట్టలో వేసి పంపుతారు. దళసరివి ఏరి పెద్దక్క అచ్చులు కోస్తుంది, పలచనివి దారం చుట్టుకోవడానికి పోతాయి. ఆ బుట్ట వస్తే కొత్త బట్ట వచ్చినంత సంబరం ఆవిడకి.

ఒక అచ్చు బట్ట మీద పెట్టి చుట్టూ సుద్ద గీసింది. రెండోది పెట్టబోతుంటే అది బోర్లా పడింది. వెనక అచ్చు అక్షరాలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. ఈసారి నిన్నటి ఆసుపత్రి ఇంకా కళ్ళలోనే ఉండటం వల్ల కాబోలు, ‘మినహాయింపు’ అన్న మాట కంటికి తగిలింది. మిగతాదంతా కాలరు వంపుతో పాటు కత్తెరకు పోయింది.

కట్టలోని అచ్చులన్నీ తిరగేసింది. ఒకే రకం కాగితం, ఒకే రాత. ఒక్కో కాగితంలోంచి రెండు కాలర్లు కోసింది తను, నడుమ మిగిలిన ముక్కలు జేబుల అచ్చులయ్యాయి. బల్ల మీద బట్ట పక్కకి నెట్టి, ముక్కకు ముక్క ఆనించి, గుండుసూదులతో గుచ్చింది. గుండీల పిన్ని అటుగా వచ్చి, “ఏం పెద్దక్కా, కాగితానికి చొక్కా కుడుతున్నావా?” అంది. ఎవరూ నవ్వకపోయేసరికి వెళ్ళిపోయింది.

ఉద్యోగికి తెలియజేయునది అని పైన ఉంది. మీ యజమాని మినహాయింపు పొందినప్పటికీ ఆ చికిత్సలు మీకు ప్రభుత్వం నేరుగా అందజేస్తుంది. ఈ కాగితం అందిన తొంభై రోజుల్లోగా కార్మిక కార్యాలయంలో దరఖాస్తు చేసుకుని వేరే కార్డు పొందాలి. యజమాని అనుమతి అవసరం లేదు. కింద గీత గీసి, ఈ కాగితం ప్రతి ఉద్యోగి చేతికీ ఇవ్వవలెను అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ అక్షరాల మధ్యనుంచే కత్తెర నడిచింది.

పన్నెండు కాగితాలు, ఒకవైపు తెల్లగా, మంచి దళసరిగా, బుట్టలో అన్నిటికన్నా పైన ఉన్నాయి. ఎంత మురిసిపోయింది వాటిని చూసి. బుట్ట తెచ్చిన బంట్రోతు ఆ రోజెందుకో ఒక పుస్తకం చాపి, ముట్టినట్టు సంతకం చెయ్యమన్నాడు. చిత్తుకాగితాలకి కూడా సంతకమా అని నవ్వుతూ చేసింది. ఎప్పుడది? వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది, గోడ క్యాలెండరు తిప్పి రోజులు లెక్కపెట్టింది. నూట రెండు రోజులు.

బుధవారం సెలవు పెట్టింది. ఏళ్ళ తర్వాత పెట్టిన సెలవు. కార్మిక కార్యాలయంలో బెంచీ మీద రెండు గంటలు కూర్చుంటే పిలుపొచ్చింది. బల్ల వెనక గుమాస్తా ఒక నడివయసు ఆవిడ, పెన్ను మూత కొరుకుతూ ఉంది. పెద్దక్క సంచీలోంచి గుండుసూదులతో గుచ్చిన కాగితం తీసి జాగ్రత్తగా పరిచింది.

గుమాస్తా మూత కొరకడం మానేసింది. “ఇదేంటమ్మా, ఇలా ఉంది?”

“కాలరండి,” అంది పెద్దక్క. ఉన్నదున్నట్టు చెప్పింది. బుట్ట సంగతి, అచ్చుల సంగతి, ఆ పిల్ల సంగతి, శుక్రవారం సంగతి.

“తొంభై రోజులన్నది కాగితం చేతికి అందినప్పటినుంచి,” అంది గుమాస్తా. “అందలేదని రుజువైతే గడువు ఇవాళ్టినుంచే మొదలవుతుంది. కానీ మందిరం వాళ్ళు అందరికీ పంచామని మాకు రాసిచ్చారు. మీ సంతకం కూడా ఉంది అందులో.”

“నాకు ముట్టాయి. నేను ఎవరికీ ఇవ్వలేదు.”

“ఆ మాట రాసిస్తారా?”

“రాస్తాను.”

“రాసేముందు వినండి. దాని నకలు మీ మందిరానికి పోతుంది. కాగితం పంచకుండా పంచామని రాసినవాళ్ళకి మినహాయింపు రద్దవుతుంది. మీ ఉద్యోగం మాట నేను చెప్పక్కర్లేదు.”

పెద్దక్క తెల్లకాగితం అడిగి పుచ్చుకుంది. బట్ట మీద సుద్ద గీత గీసినంత నెమ్మదిగా రాసింది. రాశాక మొదటినుంచి చివరిదాకా చదువుకుని, అప్పుడు సంతకం పెట్టింది. గుమాస్తా ఒక దరఖాస్తు చేతికిచ్చింది. సాయంత్రం ఐదులోగా ఆ అమ్మాయి సంతకంతో తెస్తే శుక్రవారం పదింటికి కార్డు సిద్ధంగా ఉంచుతానంది. “శుక్రవారం పొద్దున ఆపరేషన్ అన్నారుగా, అది వాయిదా వేయించుకోండి,” అని కూడా చెప్పింది.

కాజాలమ్మాయి ఇంట్లో పడుకుని ఉంది. ఒకటే గది, ఒకటే మంచం. పెద్దక్క మంచం అంచున కూర్చుని కాగితం మొత్తం చదివి వినిపించింది. ఆ అమ్మాయి లేచి కూర్చుంది. మళ్ళీ చదవమంది. రెండోసారి చదివాక సంతకం పెట్టింది.

“మూడు నెలలనుంచి నా చుట్టూరా ఉందన్నమాట ఈ సంగతి,” అంది. “ఆ కాలర్లకి నేనే కాజాలు కుట్టాను.”

“తిట్టవే నన్ను,” అంది పెద్దక్క. “నోరారా తిట్టు.”

“తిట్టాలనే ఉందక్కా. నన్ను బీరువా వెనక్కి తోసినరోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో నీకు తెలీదు. ఏమైందే అని ఒక్కమాట అడుగుతావేమో అనుకున్నా.”

పెద్దక్క తల వంచుకుంది. అడగలేదు. అడిగితే సెలవు ఇవ్వాల్సొస్తుందని అడగలేదు. ఆ మాట బయటికి చెప్పింది కూడా.

కాజాలమ్మాయి కాసేపు గోడకేసి చూసి, తర్వాత వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. “ఇప్పుడు ఇరవయ్యెనిమిది. రెండేళ్ళుంచి తీసేస్తే ముప్ఫై. ముప్ఫై ఎక్కువేం కాదుగా అక్కా?”

“ఏం ఎక్కువ? మా అమ్మ నన్ను ముప్ఫై ఆరుకి కన్నది.”

“అందుకేనేమో ఇలా తయారయ్యావు,” అంది ఆ పిల్ల. ఆరు నెలల్లో ఆ అమ్మాయి నోట పెద్దక్క విన్న మొదటి వేళాకోళం అది. పెద్దక్కకు కళ్ళు చెమర్చాయి. గబగబా లేచి, ఐదు కాకముందే దరఖాస్తు ఇచ్చి వచ్చింది.

గురువారం ఉదయం ప్రార్థన అయ్యాక కార్యదర్శి గారు కుట్టుగదిలోకి వచ్చారు. మెత్తని మనిషి. చెప్పులు గుమ్మం బయటే విప్పి వస్తారు. పేరెత్తకుండా, ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. మందిరం మీద ఒక ఫిర్యాదు వెళ్ళిందట. అది నిలబడితే మినహాయింపు పోతుందట. మందిరం తన నియమం తప్పి ఆ చికిత్సలకి డబ్బు కట్టదు కాబట్టి, కుట్టుగది మూసేసి బట్టలు బయట కొనుక్కోవాలని పెద్దలు ఆలోచిస్తున్నారట. “అలా జరగకూడదని నా కోరిక,” అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

మిషన్లు వెంటనే మొదలవలేదు. అందరికీ నిన్నటి సెలవు గుర్తుంది, అందరూ పెద్దక్క వైపే చూశారు. పెద్దక్క దాచలేదు. కాగితాల సంగతి మొదటినుంచి చెప్పింది. కోపం ఎవరికీ రాలేదు, భయం వచ్చింది. గుండీల పిన్ని దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “చేసింది తప్పని అననమ్మా. కానీ నా వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు నన్ను? ఇంట్లో మంచంపట్టిన మనిషి ఉన్నాడు.” కాజాలమ్మాయి మూలనుంచి ఇదంతా వింది.

పన్నెండింటికి ఆ అమ్మాయి లేచి వచ్చింది. ముందున్న చొక్కాలన్నిటికీ కాజాలు పూర్తిచేసి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. “పూట సెలవు ఇవ్వక్కా. ఆసుపత్రికెళ్ళి రేపు రావట్లేదని చెప్పొస్తాను.”

“వెళ్ళు. జాగ్రత్తగా వెళ్ళు. వాళ్ళ మాటలు పట్టించుకోకు, నేను చూసుకుంటాను,” అంది పెద్దక్క.

“నువ్వేం చూసుకుంటావులే,” అని నవ్వి వెళ్ళింది.

నాలుగింటికి కార్యదర్శి గారు కబురు చేశారు. పాతికేళ్ళలో ఆయన ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు పెద్దక్క. ఆరోజు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆయన కేకలేస్తే బాగుండునని అనుకుంటూ వచ్చింది. ఆయన మాత్రం మంచినీళ్ళ గ్లాసు జరిపారు.

“గది మూయడం నాకిష్టమని అనుకోకండి,” అన్నారు. “నా మాట కూడా సాగదు. ఒక్కటే దారుంది. కాగితాలన్నీ పంచాను, కంగారులో పొరపాటుగా అలా రాశాను అని మీరు రాసిస్తే సరిపోతుంది. ఆ అమ్మాయికి రెండు నెలలు జీతంతో సెలవిప్పిస్తాను. నాది పూచీ.”

“అలా రాస్తే ఆ పిల్ల గడువు దాటిపోయినట్టేగా? కార్డు రాదు.”

“రాదు.”

పెద్దక్క గ్లాసు ముట్టుకోలేదు. “ఒక మాట అడుగుతానండీ. ఆ కాగితాలు చిత్తుకాగితాల బుట్టలో ఎందుకు పెట్టారు?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. “కుట్టుగదికి పంపమంది చట్టం. పంపాను.”

“ఆ బుట్టలోవి మేం ఏం చేస్తామో మీకు తెలుసు. నిరుడు అచ్చులు చూసి, వృథా పోనివ్వరు మీరు అని మెచ్చుకున్నారు.”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. “మా నమ్మకంతో మమ్మల్ని బతకనివ్వండి అన్నాం. ప్రభుత్వం సరేనంటూనే, మా చేత్తోనే ఆ కాగితం పంచమంది. నా చెయ్యి రాలేదు పెద్దక్కగారూ. అలాగని అబద్ధం ఆడటానికీ మనసొప్పలేదు. బుట్టలో పెట్టాను.” అన్నారాయన. “నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు.”

పెద్దక్కకు ఆయన మీద కోపం రావలసినంత రాలేదు. ఆయన తన నమ్మకం చెడకుండా చూసుకున్నాడు. దానికి కత్తెర మాత్రం పెద్దక్క చేత పట్టించాడు. ఆయన ముందే రాయించి బల్ల మీద జరిపిన కాగితం తీసుకుని ఆసాంతం చదివింది. పదకొండు మంది మొహాలు కళ్ళముందు తిరిగాయి, గుండీల పిన్ని చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉన్నట్టుంది. ఆ పిల్ల ముప్ఫై ఎక్కువేం కాదుగా అంటూ వేళ్ళు మడవడం కూడా కనబడింది.

“నేను పంచలేదండీ,” అంది. “పంచానని రాయలేను.” కాగితం బల్ల మీద పెట్టి లేచింది.

శుక్రవారం పొద్దున గేటుకి నోటీసు అంటించి ఉంది. ఈ నెలాఖరుతో కుట్టుగది మూసివేయబడును. దాని ముందు గుండీల పిన్ని నిలబడి ఉంది. పెద్దక్కను చూసి మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళింది. పెద్దక్క లోపలికి వెళ్ళలేదు. బస్సెక్కి కార్మిక కార్యాలయానికి పోయింది. గుమాస్తా మాట తప్పలేదు. పది కాకముందే కార్డు చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడే నీలం అట్టముక్క. పెద్దక్క దాన్ని రుమాలులో చుట్టి, జాకెట్లో పెట్టుకుంది. ఈ ఒక్కటన్నా దక్కిందనుకుంది.

కాజాలమ్మాయి గదికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ తల బయటపెట్టి, “నిన్నే ఆసుపత్రిలో చేరిందిగా, మీకు తెలీదా?” అంది.

ఆసుపత్రి వసారాలో బెంచీ మీద ఆ అమ్మాయి మొగుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆమె చెప్పులు, గాజులు ఒక సంచీలో పెట్టుకుని ఉన్నాడు. పెద్దక్కను చూసి లేచి నిలబడ్డాడు.

“నిన్న సాయంత్రం రక్తం ఎక్కించారండి. పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. అయిపోయింది. బాగానే ఉందన్నారు.”

“ఏది అయిపోయింది?”

అతను తెల్లబోయి చూశాడు. “ఆపరేషనేనండి. మీతో అంతా మాట్లాడాననీ, మీరే సరేనన్నారనీ చెప్పింది.”

పెద్దక్క బెంచీ మీద కూర్చుంది. అతనికి ఏమీ చెప్పలేదు. కాసేపటికి నర్సు వచ్చి, ఒక్కరే రావాలి, ఎక్కువ మాట్లాడించకూడదు అంది. అతను పెద్దక్కనే వెళ్ళమన్నాడు.

కిటికీ లేని గది. వరసగా నాలుగు మంచాలు, చివరి దాని మీద కాజాలమ్మాయి. పెదవులు ఎండి పొక్కులు కట్టాయి. మొహంలో మాత్రం కాస్త రంగొచ్చింది, ఎవరో దానం చేసిన రక్తం. అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచింది.

“కోప్పడకక్కా.”

పెద్దక్క ఆ అమ్మాయి చెయ్యి తీసుకుంది. చూపుడువేలి చివర సూది పోట్లు గరుకుగా తగిలాయి.

“చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు,” అంది ఆ అమ్మాయి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. “నేనా కార్డు వాడకపోతే గొడవే లేదుగా. అంతమంది కడుపు కొట్టి నా కడుపు నిలబెట్టుకోనా? ఆ మొహాలు చూస్తూ ఎలా పెంచను బిడ్డని? అయిపోయిందిలే. నువ్వూ ఆ కాగితం వెనక్కి తీసేసుకుని ఉంటావు. నాకోసమే కదా రాసింది.”

రుమాలులో కార్డు అంచు పెద్దక్క గుండెకు గుచ్చుకుంటోంది. నిన్న సాయంత్రం కార్యదర్శి గారి బల్ల ముందు, ఈ పిల్ల ఇక్కడ చేతికి సూది గుచ్చించుకుంటున్న వేళకే, తను అన్న మాటలు ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

“అక్కా,” అని చెయ్యి కదిపింది ఆ అమ్మాయి. “ఇంక గది మూయరుగా?”

“మూయరమ్మా,” అంది పెద్దక్క. “కార్యదర్శి గారు తనే పిలిచి చెప్పారు.”

కాజాలమ్మాయి నవ్వబోయింది. కుట్లు లాగినట్టున్నాయి, ఆపేసి కళ్ళు మూసుకుంది.